హాజిర్

(హన్మకొండలో చేసిన స్మారకోపన్యాసం. అచ్చు కోసం అక్కడక్కడా సవరించిన పాఠం.)

 

ఈ గంటసేపట్లో, మనం తలుచుకుంటున్న సార్ పేరు నేను ఎత్తను. అది ఆయన పెట్టిన షరతు. పోవడానికి ఏడాది ముందే చెప్పారు: "నా పేరు మీద మీటింగు పెట్టొద్దు. పెట్టకుండా ఉండలేకపోతే నా గురించి కాకుండా పని గురించి మాట్లాడుకోండి." బయట గేటు దగ్గర ఆయన ఫొటోతో ఫ్లెక్సీ ఒకటి కట్టారు. దానికి జవాబు నిర్వాహకులే చెప్పుకోవాలి.

నాకిచ్చిన అంశం "శరణార్థుల పిల్లల చదువు, ఆతిథ్య సమాజాల బాధ్యత". ఫోన్లో వినగానే నవ్వొచ్చింది. మన వరంగల్లో శరణార్థులెవరండీ అన్నాను. అవతలి మనిషి ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేశాక నాకే సిగ్గేసింది. సార్ చివరి పదిహేనేళ్లు ఎక్కడ తిరిగారో, ఎవరి పిల్లల కోసం పలకలు మోశారో తెలిసినవాణ్ని నేను. ఆ పిల్లల్ని శరణార్థులు అనుకోవాలని మాత్రం నాకెప్పుడూ తోచలేదు. "ఆతిథ్య సమాజం" అనే మాట కూడా నాకు నోరు తిరగదు. మన దగ్గర దానికి ఉన్న మాట "ఊరోళ్లు". ఇక నుంచి ఆ మాటే వాడతాను.

ముందు ఒక చిన్న కథ. సార్‌ది మధిర తాలూకాలో ఒక పల్లె. ఖమ్మం 1953లో గానీ విడి జిల్లా కాలేదు, అంతవరకూ మధిర వరంగల్ జిల్లాలోదే. రజాకార్ల కాలంలో ఆ సరిహద్దు పల్లెల జనం రాత్రికి రాత్రి పిల్లల్ని చంకన వేసుకుని అవతలి కృష్ణా జిల్లాకు దాటారు. అప్పటికి సార్‌కు తొమ్మిదో పదో ఏళ్లు. నాలుగు మైళ్లు నడిస్తే రాజ్యం మారిపోయింది, బడీ మారిపోయింది. నిజాం రాజ్యంలో ఆయన చదివింది ఉర్దూ. ఇంట్లో మాట్లాడేది తెలుగే, రాసేది మాత్రం కుడి నుంచి ఎడమకు. కొత్త బడిలో మొదటి రోజు అయ్యవారు హాజరు పిలిచారు. తన పేరు రాగానే ఈయన లేచి "హాజిర్" అన్నారు. తరగతి తరగతంతా ఘొల్లుమంది. ఆ నవ్వు డెబ్బై ఏళ్ల తర్వాత కూడా తన చెవిలో ఉందని సార్ అనేవారు.

మర్నాడు ఆ అయ్యవారు ఒక పని చేశారు. హాజరు పట్టీ తెరిచి, "ఇవాళ అందరూ హాజిర్ అనే చెప్పాలి, చూద్దాం ఎవరికి బాగా పలుకుతుందో" అన్నారు. ఒక్కొక్కరూ లేచి హాజిర్, హాజిర్ అంటూ పోయారు. ఎవరికీ సరిగా పలకలేదు. తన వంతు వచ్చేసరికి ఆ తరగతిలో ఆ ఒక్క మాటకు పండితుడు సారే అయ్యారు. ఆ అయ్యవారికి శిక్షణ ఎవరిచ్చారో తెలియదు. ఆ ఊళ్లో కాందిశీకుల పిల్లల కోసం పథకమేదీ లేదు. సార్ అక్కడ చదివింది ఎనిమిది నెలలు. పోలీసు చర్య అయ్యాక అందరితో పాటు వెనక్కి వచ్చేశారు.

ఇక అడవికి వెళదాం.

హన్మకొండ నుంచి ములుగు, గోవిందరావుపేట దాటి తాడ్వాయి దాకా వెళ్లే రోడ్డు మీ అందరికీ తెలుసు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు కోటి మందిమి ఆ దారినే పోతాం. ఆ రోడ్డు మీద నిలబడి చూస్తే కనిపించని ఊళ్లు కొన్ని ఆ అడవిలో ఉన్నాయి. రోడ్డు దిగి, వాగు దాటి, రెండు మూడు కిలోమీటర్లు లోపలికి పోతే ఇరవై, ముప్పై, యాభై గుడిసెలు. వెదురు తడికెల గోడలు, మట్టి పూత, పైన గడ్డి, గడ్డి మీద నీలం టార్పాలిన్. మనం వాళ్లను గొత్తికోయలంటాం, గుత్తికోయలంటాం. ఆ పేరు మనం పెట్టిందే. వాళ్లు తమను కోయతూర్ అని చెప్పుకుంటారు, మురియా అంటారు. బస్తర్ నుంచి వచ్చారు.

కొందరు మిర్చి ఏరడానికి, పోడుకు అంతకు ముందు నుంచే వచ్చేవారు. అది వలస. 2005 జూన్‌లో బీజాపూర్ వైపు, మావోయిస్టులకు ఎదురుగా సర్కారు అండతో సల్వా జుడుం మొదలయ్యాక వచ్చిన రాక వేరు. ఒకవైపు జుడుం, భద్రతా బలగాలు, మరోవైపు మావోయిస్టులు. మధ్యలో ఊళ్లు తగలబడ్డాయి. కొందరిని రోడ్డు పక్క శిబిరాల్లోకి తరలించారు. శిబిరానికి పోనివాళ్లు ఇటు వచ్చారు, చింతూరు మీదుగా, చర్ల మీదుగా, వెంకటాపురం మీదుగా గోదావరి దాటి. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చినవాళ్లు ముప్పై వేల నుంచి యాభై వేల దాకా ఉంటారని ఆ రోజుల్లో అంచనా వేశారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు, నందినీ సుందర్ వేసిన కేసులో, జుడుంను కొనసాగించడానికి వీల్లేదని తీర్పిచ్చింది. తీర్పు వచ్చిందని వాళ్లు మూట కట్టుకుని వెనక్కి పోలేదు. పోవడానికి అక్కడ ఊరుండాలి కదా.

మన చరిత్రలో ఒక విచిత్రం ఉంది. 1323లో ఓరుగల్లు కోట పడిపోయాక, ప్రతాపరుద్రుడి తమ్ముడిగా చెప్పుకునే అన్నమదేవుడు ఇదే అడవి దారిన ఎదురు దిక్కుకు పోయాడు. బస్తర్‌లో రాజ్యం నిలుపుకున్నాడు. తన వెంట దంతేశ్వరి అమ్మవారు నడిచి వచ్చిందనీ, వెనక్కి చూడొద్దని షరతు పెట్టిందనీ, శంఖిని, డంకిని నదులు కలిసే చోట ఇసుకలో గజ్జెల చప్పుడు ఆగిపోతే ఆయన తిరిగి చూశాడనీ, అమ్మవారు అక్కడే నిలిచిపోయిందనీ దంతెవాడలో కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, ఓరుగల్లు నుంచి చెల్లాచెదురైన మనుషులకు ఆ అడవి చోటిచ్చిందన్నది మాత్రం రెండు వైపుల వాళ్లూ ఒప్పుకునే మాటే. 2022 జూలైలో కాకతీయ వైభవ సప్తాహం చేశాం. ఆ వంశం వాడని బస్తర్ నుంచి కమల్‌చంద్ర భంజ్‌దేవ్‌ను పిలిపించి డప్పులతో, పూలతో ఎదుర్కొన్నాం. నేనూ వెళ్లాను, ఫొటో తీసుకున్నాను, దాచడం ఎందుకు. పక్కనే నిలబడ్డ సార్ నా చెవిలో, "అదే బస్తర్ నుంచి వచ్చినవాళ్లు తాడ్వాయిలో ఉన్నారు, వాళ్లకూ ఓ దండ తెస్తావేంటి?" అన్నారు.

శరణార్థి అనే మాట దగ్గర ఒక చిక్కుంది, దాన్ని దాటకుండా ముందుకు పోలేం. దేశం సరిహద్దు దాటితేనే శరణార్థి. 1951 నాటి శరణార్థుల ఒప్పందం చెప్పేది అదే, మన దేశం దాని మీద సంతకం కూడా పెట్టలేదు. దేశం దాటకుండా లోపలే చెల్లాచెదురైనవాళ్లను "అంతర్గత నిర్వాసితులు" అంటారు. వాళ్ల కోసం ఐక్యరాజ్యసమితి 1998లో మార్గదర్శక సూత్రాలు తెచ్చింది, అందులో పిల్లల చదువు గురించి ఒక సూత్రమే ఉంది. అది ఏ దేశాన్నీ కట్టిపడేసే చట్టం కాదు. కాబట్టి బీజాపూర్ నుంచి వచ్చిన పిల్ల ఏ లెక్కలోకీ రాలేదు. శరణార్థి కాదు, ఇక్కడి గిరిజన బిడ్డా కాదు.

లెక్కలోకి వస్తే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. కాగజ్‌నగర్ దగ్గర ఈస్‌గాం, నజ్రుల్‌నగర్ ఉన్నాయి. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలను ప్రభుత్వమే తెచ్చి, భూములిచ్చి స్థిరపరచిన ఊళ్లవి. తమిళనాడులో 1983 తర్వాత వచ్చిన శ్రీలంక తమిళుల పిల్లలు మామూలు సర్కారు బడుల్లో చేరారు. వాళ్లకు అన్నిటికన్నా పెద్ద సాయం తమిళమే. బడిలో పాఠం అర్థమయ్యేది. మన అడవి పిల్లలకు పట్టాలున్న భూమీ లేదు, అర్థమయ్యే పాఠమూ లేదు.

2008లో అనుకుంటా, సార్‌తో కలిసి మొదటిసారి ఒక గూడెం వెళ్లాను. ఎండాకాలం. ఇప్పచెట్ల కింద తెల్లవారుజామునే పువ్వు ఏరి, బుట్టలు ఎత్తుకుని ఆడవాళ్లు తిరిగి వస్తున్నారు. బడి అంటే నాలుగు గుంజలు, పైన టార్పాలిన్, ఒక నల్లబల్ల. పక్క ఊరి నుంచి సైకిల్ మీద వచ్చే వలంటీర్ అమ్మాయి, ఇంటర్ చదివిన తెలుగు పిల్ల, ఓపికగా అక్షరాలు దిద్దిస్తోంది. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. ఆరేళ్ల పిల్ల ఒకతి లేచి నిలబడి "ఏరు" అంది. వలంటీర్, "ఇప్పుడు ఏటికాడికెందుకే, ఎండ దంచుతుంది, కూసో" అంది. ఆ పిల్ల కూర్చుంది. కాసేపాగి మళ్లీ లేచింది, మళ్లీ "ఏరు". ఈసారి వలంటీర్ కసిరింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. సార్ లేచి మూలనున్న కుండలో గ్లాసు ముంచి ఇచ్చారు. గటగటా తాగేసింది.

కోయ మాటలో ఏరు అంటే నీళ్లు. మనకు ఏరు అంటే వాగు. రెండు భాషలూ ద్రావిడ భాషలే, మాటొకటే, అర్థం పక్కకు జరిగింది. అంత దగ్గరి చుట్టరికం ఉన్న భాషల మధ్యే ఒక పిల్ల అరగంట దాహంతో కూర్చుంది. ఊరిని వాళ్లు నార్ అంటారు. దంతెవాడ వైపు పాల్నార్ లాంటి ఊరి పేర్లు వింటే తెలుస్తుంది. మన పిల్లలకు నారు అంటే వరినారు. ఇట్లాంటివి సార్ ఒక పాత నోటుపుస్తకంలో రాసుకుంటూ పోయారు. ఎడమ వైపు వాళ్ల మాట, కుడి వైపు మన మాట, మధ్యలో గీత.

హాజరు పట్టీ కూడా చూశాను. నలభై ఒక్క పేర్లు. ముప్పై మందికి పైగా జూన్ నెలలో పుట్టారు. సార్‌ను అడిగితే, "బడి జూన్‌లో తెరుస్తారు గదా, పిల్లలూ అప్పుడే పుడతారు" అన్నారు. తారీఖు తెలియకపోతే పంతుళ్లు రాసే తారీఖు అది. కానీ ఆ తల్లులకు పుట్టుక తెలియదనుకోవద్దు. అక్కడ చాలా మంది పిల్లలకు వారం పేరే పెడతారు. సోమవారం పుడితే సోమారు, బుధవారం పుట్టిన ఆడపిల్ల బుద్రి, శుక్రవారమైతే సుక్రి, ఆదివారమైతే ఐతు. వారం వాళ్లు పేరులోనే రాసిపెట్టారు. మన పట్టీలో వారానికి గడి లేదు, తారీఖుకే ఉంది. విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని ఏ పిల్లకూ బడిలో చోటు కాదనకూడదు. 5వ సెక్షన్ ప్రకారం టీసీ రావడం ఆలస్యమైందని కూడా ఆపకూడదు. 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడిన పాఠాలకు విడిగా శిక్షణ ఇవ్వాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి ఇది చట్టం. అంటే బడిలో చేర్చుకోవడానికి అడ్డంకి లేదు. అడ్డంకి చేరాక వస్తుంది.

ఐదో తరగతి అయ్యాక ఆశ్రమ పాఠశాలకు పంపాలి. కుల ధ్రువీకరణ పత్రం అడుగుతారు. ఒక కార్యాలయంలో నేను, సార్, ఒక తండ్రి మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చున్నాం. పత్రం ఇవ్వకపోవడానికి మాకు చెప్పిన కారణం పూర్తిగా తప్పు కాదు, అదే అసలు బాధ. ఒక రాష్ట్రంలోని షెడ్యూల్డు తెగ హోదా ఇంకో రాష్ట్రానికి వలస వెళ్లినవాళ్ల వెంట రాదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో తేల్చింది. మన జాబితాలో కోయ ఉంది, దాని పక్కనే డోలి కోయ, గుత్త కోయ, కమ్మర కోయ అంటూ పేర్లున్నాయి. గొత్తి కోయ లేదు. గుత్తకూ గొత్తికీ మధ్య రెండు అచ్చులు, ఒక రాష్ట్రం అడ్డం. ఆ తండ్రికి ఇదంతా ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. సార్ చెప్పారు, కోయలో, ముక్కలు ముక్కలుగా. ఆయన విని, "మా అన్న కొడుకు అక్కడ ఎస్టీ. ఇక్కడ మేం ఏమిటి?" అన్నాడు. ఈ ప్రశ్నకు జవాబు ఇవాళ్టికీ ఏ జీవోలోనూ నాకు దొరకలేదు.

భూమి సంగతీ ఇదే. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి భూమి సాగులో ఉండాలి. వీళ్లు ఊళ్లు వదిలి పరుగెత్తడం మొదలైందే ఆ ఏడాది జూన్‌లో. ఆరు నెలల్లో పోడు కొట్టి, గుడిసె వేసి, సాక్ష్యం కూడా పోగు చేసుకుని ఉండాలన్నమాట.

ఊరోళ్ల గురించి చెప్పకపోతే నా ఉపన్యాసం దొంగ ఉపన్యాసం అవుతుంది. ఇలాంటి సభల్లో వచ్చినవాళ్ల కష్టం చెప్పి, ఊరోళ్లను రాతిగుండెలని తేల్చి ఇళ్లకు పోతాం. అడవి పక్క కోయ ఊళ్లకు, లంబాడీ తండాలకు కూడా పోడు మీదే బతుకు. కొత్తగా వచ్చినవాళ్లు అడవి కొడితే, ఫారెస్టు వాళ్ల కోపం అందరి మీదా పడుతుంది. మిర్చి ఏరే కూలి రేటు పడిపోతుంది. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ శాఖ వాళ్లు గుడిసెలు కూల్చారు, సంగతి హైకోర్టు దాకా పోయింది. 2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావు ఇద్దరు గొత్తికోయల చేతిలో హత్యకు గురయ్యారు. మొక్కలు నాటిన నేల మీద తగాదా. ఆయన పిల్లలూ చదువుకునే పిల్లలే. ఆ తర్వాత బెండాలపాడు గ్రామసభ గొత్తికోయలను ఇక్కడి నుంచి పంపేయాలని తీర్మానం చేసింది. ఇద్దరు చేసిన పనికి మొత్తం ఊరిని వెళ్లగొట్టడం తప్పని నేను ఆ రోజే అన్నాను, ఇవాళా అంటాను. కానీ ఆ తీర్మానానికి చేతులెత్తినవాళ్ల భయాన్ని వెక్కిరించను.

ఆ భయాన్ని తగ్గించే చోటు, నాకు తెలిసినంతలో, బడి ఒక్కటే. ఎందుకంటే బడి దగ్గర ఊరోళ్ల లాభం కూడా ఉంది. అడవి పక్క ఊళ్లలో సర్కారు బడులు ఎలా ఉన్నాయో చూడండి. కాస్త కూలి దొరికినవాడు కూడా పిల్లల్ని ములుగు, ఏటూరునాగారం హాస్టళ్లకు, ప్రైవేటు బడులకు పంపుతున్నాడు. ఊరి బడిలో ఆరుగురు, ఎనిమిది మంది మిగులుతారు. ఇంకో ఇద్దరు తగ్గితే బడికి తాళం. నాకు తెలిసిన ఒక ప్రాథమిక పాఠశాల రెండేళ్లు తాళం పడకుండా నిలిచింది గూడెం నుంచి వచ్చే పద్నాలుగు మంది పిల్లల వల్లే. అక్కడి సర్పంచ్ మొదట ససేమిరా అన్నాడు. పంతులమ్మ బదిలీ అవుతుందని తెలిశాక ఆయనే మోటార్‌సైకిల్ మీద గూడెం పోయి, "పంపుండ్రి, మా పోరగాళ్లతోనే కూసోబెడతం" అని చెప్పి వచ్చాడు. ధర్మం కోసం రాలేదాయన, బడి కోసం వచ్చాడు. నాకు అదే ఎక్కువ నమ్మకంగా అనిపించింది.

మరి గూడెం పిల్లలకు విడిగా బడి పెట్టాలా, ఊరి బడికే పంపాలా? ప్రపంచమంతా ఈ ప్రశ్న దగ్గర తడబడింది. లెబనాన్‌లో సిరియా పిల్లలు వెల్లువలా వచ్చినప్పుడు చాలా బడుల్లో మధ్యాహ్నం రెండో షిఫ్టు పెట్టారు. పొద్దున లెబనాన్ పిల్లలు, మధ్యాహ్నం సిరియా పిల్లలు. బెంచీ ఒకటే, పిల్లలు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకోరు. టర్కీలో మొదట అరబ్బీలో చెప్పే తాత్కాలిక కేంద్రాలు పెట్టి, 2016 తర్వాత మెల్లగా పిల్లల్ని టర్కిష్ బడుల్లోకి తెచ్చారు. నాకు టర్కీ దారి నచ్చుతుంది, ఒక మార్పుతో. మొదటి రెండేళ్లు గూడెంలోనే, వాళ్ల మాటలోనే. మూడో ఏట ఊరి బడికి. ఆ రెండేళ్లలో తెలుగు నేర్పాలి, తెలుగులో నేర్పకూడదు.

పైగా ఆ వాగులున్నాయి. ఆరేళ్ల పిల్లను వానాకాలంలో మూడు కిలోమీటర్లు నడిపించగలమా? 2023 జూలై చివర్లో ఏమైందో గుర్తుందా? వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. జంపన్న వాగు పొంగి ఏటూరునాగారం మండలం కొండాయిలో ఎనిమిది మంది కొట్టుకుపోయారు. అలాంటి వాగుకు ఇవతల బడి, అవతల పిల్లలు ఉంటే హాజరు పట్టీలో జూలై, ఆగస్టు గడులు ఖాళీగానే ఉంటాయి. లోపల బడి కడదామంటే రిజర్వు అడవిలో పక్కా భవనానికి అనుమతి ఉండదు. అందుకే 2024లో కన్నాయిగూడెం మండలం బంగారుపల్లిలో కంటైనర్‌లో బడి పెట్టారు, మంత్రి సీతక్క ప్రారంభించారు. ఇనుప డబ్బాలో బడేమిటని కొందరు నవ్వారు. నేను నవ్వను. అనుమతి రాని చోట బడిని లారీ మీద తెచ్చి దించడం నాకు తెలివైన పనిగానే తోచింది. వేసవిలో లోపల ఎంత ఉడుకుతుందన్నది వేరే సంగతి. ఇంకో మాట కూడా చెప్పాలి. అదే సీతక్క 2022లో ఉస్మానియాలో పీహెచ్‌డీ తీసుకున్నారు. ఆమె పరిశోధన చేసింది వరంగల్, ఖమ్మం జిల్లాల గొత్తికోయల మీదే. ఒక వలస గూడెం సమస్యను థీసిస్‌గా రాసిన మనిషి మంత్రిగా ఆ జిల్లాలోనే ఉండటం మామూలుగా జరిగేది కాదు. కాబట్టి కంటైనర్‌తో సరిపెట్టుకోకుండా కుల ధ్రువీకరణ ప్రశ్న కూడా ఆమెనే అడుగుతాను. వీలైతే ఈ ఉపన్యాసం ప్రతి ఒకటి పంపుతాను.

భాష సంగతికి వస్తే, మనకు చేతకాని పనేం కాదది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలోనే కోయ, గోండి, కొలామి, బంజారా, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, ఈ ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల పాఠాలు మొదలుపెట్టారు. తెలుగు లిపిలో కోయ వాచకం అచ్చయింది. మాతృభాషలో ప్రాథమిక చదువు గురించి రాజ్యాంగంలో 350ఏ ఉంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో వీలైనంతవరకు మాతృభాషలో అని ఉంది. ఈ "వీలైనంతవరకు" అనే మాటలోనే అంతా జారిపోయింది. ప్రతి సెప్టెంబరు 9న కాళోజీ పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవంగా చేసుకుంటాం. బడిలో నేర్పే భాషకూ జనం నోటి భాషకూ ఉన్న దూరం మీద ఆయన జీవితమంతా కొట్లాడారు. అడవిలో ఆ రోజున కోయ పిల్లలతో తెలుగులో ప్రతిజ్ఞ చేయించిన బడిని నేను చూశాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక్కడే ఊరోళ్లకు ఇంకో లాభం. తాడ్వాయి వైపు కోయ ముసలివాళ్లకు కోయ వచ్చు, వాళ్ల మనవలకు రాదు. గూడెం బడిలో కోయ మాట్లాడే పంతులు కావాలంటే ఎవరు దొరుకుతారు? ఊరి కోయ పిల్లలే. అవ్వ దగ్గర కోయ విని పెరిగిన డిగ్రీ పిల్లలకు ఇది ఉద్యోగం. అప్పుడు ఆ భాష ఊరి బడికీ తిరిగి వస్తుంది. బ్రిడ్జి కోర్సు అనే పద్ధతిని మన రంగారెడ్డి జిల్లాలోనే ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు పనిపిల్లల కోసం రూపుదిద్దారు. అప్పట్లో ఆ పని నడిపిన శాంతా సిన్హా, జాతీయ బాలల హక్కుల కమిషన్ తొలి అధ్యక్షురాలై, ఆ కమిషన్ తరఫున 2007 చివర్లో దంతెవాడ, ఖమ్మం వైపు పరిస్థితి చూసి వచ్చారు. పద్ధతి ఉంది, మనుషులున్నారు. మొత్తంగా లేనిది జీతం. వలంటీర్‌కు ఏడాదిలో ఎన్ని నెలలు జీతం పడుతుందో అడగండి, గూడెం బడి ఎన్ని నెలలు నడుస్తుందో తెలుస్తుంది.

ఇక్కడున్న క్లబ్బుల పెద్దలకు ఒక విన్నపం. బ్యాగులు పంచకండి. గూడేల్లో ఒక్కో గుడిసెలో మూడేసి బ్యాగులు వేలాడుతున్నాయి, వాటిలో ఇప్పపువ్వు పోసుకుంటున్నారు. దాన్ని నేను తప్పు పట్టను, మంచి వాడకమే. మీరు చేయగలిగితే జనవరి నుంచి ఏప్రిల్ దాకా చేయండి. మంగపేట, ఏటూరునాగారం మిర్చి చేలల్లోకి గూడెం గూడెమే పోతుంది. పదేళ్ల అక్క చెల్లిని ఎత్తుకుని గట్టు మీద కూర్చుంటుంది. ఆ చేను పక్కన చిన్నపిల్లల్ని చూసుకునే మనిషి ఒకరుంటే, పూట భోజనం ఉంటే, ఆ అక్క బడికి వస్తుంది. దానికి ఫొటో బాగా రాదు, నాకు తెలుసు.

సార్ పోయాక ఆయన బీరువాలో ఆ నోటుపుస్తకం దొరికింది. నాలుగు వందల పైచిలుకు మాటలు. మొదటి పేజీలోనే ఏరు. దాన్ని అచ్చు వేద్దామని కొందరన్నారు. అచ్చుకు ముందు ఒకసారి చూపిద్దామని మొన్న సంక్రాంతి తర్వాత గూడెం తీసుకెళ్లాను. అక్కడ ఇప్పుడు పాఠం చెబుతున్న అమ్మాయి అదే గూడెంలో టార్పాలిన్ కింద అక్షరాలు దిద్దుకున్న పిల్ల. ఓపెన్ స్కూల్లో పది పాసైంది, ఇంటర్ రాస్తోంది. పుస్తకం తీసుకుని, "చూసి పంపుత సార్" అంది.

రెండు వారాలకు తిరిగొచ్చింది. లోపల పేజీ పేజీకీ ఎర్ర సిరా. కొన్ని మాటలు కొట్టేసి పక్కన వేరే మాట రాసింది. కొన్నింటి దగ్గర "ఇది మా వైపు అనరు, దోర్లా వాళ్లు అంటరు" అని రాసింది. ఒకచోట సార్ రాసిన మాట మొత్తం కొట్టేసి, పక్కన సున్నా చుట్టింది. సార్ నోటుపుస్తకంలో సార్‌కు తప్పులు పడటం చూడటం నాకు అదే మొదటిసారి.